ఓరుగల్లులో రెండు రోజులు: గుడితో పాటు చెరువు కూడా

హైదరాబాదు నుంచి ఓరుగల్లుకు శని, ఆదివారాల ప్రయాణం ఇప్పుడు దాదాపు ఒకే అచ్చులో సాగుతోంది. 163వ జాతీయ రహదారి మీద మూడు గంటల లోపే హన్మకొండ. ముందు వేయిస్తంభాల గుడి, మధ్యాహ్నం ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు, సాయంత్రం భద్రకాళి దర్శనం, చెరువు కట్ట మీద షికారు. మర్నాడు పొద్దున్నే రామప్ప, చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం. ఈ తోవలో తగిలే ప్రతి చోటూ చూడదగ్గదే. పదేళ్లుగా సాగుతున్న పట్టణ పునరుద్ధరణ వల్లే ఈ తోవ ఇంత స్థిరపడింది. ఆ పని ఎంతవరకు వచ్చింది, రెండు రోజుల అతిథికి అది ఏం చూపిస్తోంది, ఏం దాటవేయిస్తోంది అన్నవి తీరిగ్గా తరచి చూడాల్సిన ప్రశ్నలు. 2016 అక్టోబరు 11 దాకా ఇదే వరంగల్ జిల్లాలో ఉండి, ఆ రోజు వేరుపడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి చూస్తే జవాబులు ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తాయి.

ముందు జరిగిన పనిని జరిగినట్టు ఒప్పుకోవాలి. కేంద్రం 2015లో మొదలుపెట్టిన ‘హృదయ్’ పథకానికి దేశమంతటా 12 వారసత్వ నగరాలను ఎంపిక చేస్తే తెలుగు నేల మీద వరంగల్‌కు, అమరావతికి చోటు దక్కింది. 2016 మేలో వరంగల్ స్మార్ట్ సిటీల జాబితాలోకి ఎక్కింది. 2021 జూలై 25న రామప్ప గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. మరుసటి ఏడాది నగరం యునెస్కో అభ్యసన నగరాల బృందంలో చేరింది. 2025 మే 14న మిస్ వరల్డ్ పోటీదారులు వేయిస్తంభాల గుడికి, కోటకు, రామప్పకు వచ్చారు. అదే నెల 22న కాకతీయ శిల్పరీతిని తలపించే ముఖద్వారంతో కొత్తగా తీర్చిన వరంగల్ రైల్వే స్టేషన్ ప్రారంభమైంది.

ఇన్ని పనుల్లోనూ మనసుకు హత్తుకునేది ఒక్కటి ఉంది. అది వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం.

కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం అది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే కట్టడంలో గర్భగుడులు. నంది మండపానికి అవతల ఉన్న కల్యాణ మండపం శతాబ్దాల కాలంలో కుంగి, పక్కకు ఒరిగింది. 2006లో దాన్ని రాయి రాయిగా విప్పదీశారు. విప్పడం తొందరగానే అయింది కానీ తిరిగి నిలబెట్టడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. ఆ కాలమంతా గుడికి వచ్చినవాళ్లకు కంచె అవతల పేర్చిన స్తంభాలు, చెక్కిన రాళ్లే కనిపించేవి. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, మండపం మళ్లీ తెరుచుకుంది. ఈ ఆలస్యాన్ని వెనకేసుకురావడం కష్టం. అయినా పని చూసినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. కూలిన చోట సిమెంటు పోసి కొత్త కట్టడం లేపడం వేరు, ఏ రాయి ఎక్కడిదో అక్కడే పెట్టి పాతదాన్ని నిలబెట్టడం వేరు. ఓరుగల్లులో ఈ రెండో రకం పని జరిగింది. హన్మకొండలో ఒక్క గంటే ఉంటే ఆ గంట ఇక్కడే గడపాలి.

ఈ గుడి రహస్యమూ రామప్ప రహస్యమూ పునాదిలోనే ఉన్నాయి. కాకతీయ స్థపతులు లోతుగా గొయ్యి తవ్వి, ఇసుకతో నింపి, దాని మీద బరువైన రాతి కట్టడాన్ని లేపారు. నేల అదిరినా, బరువు అటూ ఇటూ మారినా ఇసుక ఆ ఒత్తిడిని తనలోకి తీసుకుంటుంది. వరంగల్ ఎన్‌ఐటీలో పనిచేసిన ఆచార్య ఎం. పాండురంగారావు వంటివారు ఈ ఇసుక పునాది సంగతిని ఏళ్ల తరబడి జనంలోకి తీసుకెళ్లారు. రామప్ప పరిసరాల్లో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ప్రతిపాదన వచ్చినప్పుడు స్థానికులు బెంబేలెత్తింది కూడా దీని గురించే. పేలుళ్ల అదురుకు ఎనిమిది వందల ఏళ్ల నాటి పునాది ఏమవుతుందని వాళ్లు అడిగారు.

కోట విషయానికొస్తే, చాలామంది దాన్ని చూడకుండానే చూశామనుకుంటారు. టికెట్టు కొని లోపలికెళ్తే కనిపించేది నడి మధ్య ఆవరణ: స్వయంభూ శివాలయపు శిథిలాలు, నలుదిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. పక్కనే ఖుష్ మహల్. నిజానికి కోట అక్కడితో అయిపోదు. ఆవరణ దాటి కొంత దూరం పోతే రాతికోట గోడ. సున్నం లేకుండా పెద్ద పెద్ద నల్లరాళ్లు పేర్చి, 45 బురుజులతో కట్టిన గోడ. దాని చుట్టూ కందకం, ఆ బయట మట్టికోట. గణపతిదేవుడు పని సాగిస్తే రుద్రమదేవి పూర్తి చేసిన ఈ రక్షణ వలయాలు 1323లో ఢిల్లీ సేనాని ఉలుగ్ ఖాన్ ముట్టడితో చేజారాయి. నేటికీ ఆ గోడల మధ్య ఊరుంది, పొలాలున్నాయి, బడికి పోయే పిల్లలున్నారు. ద్వారాల వంపుల్లోంచి ఆటోలు, ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. జనం నివసిస్తున్న కోట కాబట్టే ఇక్కడి రక్షణ పనికి చిక్కులెక్కువ, అందమూ ఎక్కువే. సాయంత్రం ఎండ తగ్గాక గంటసేపు రాతికోట వెంట నడిస్తే రాజధాని ఎంత పెద్దదో కాళ్లకు తెలుస్తుంది.

పునరుద్ధరణ అన్న మాట చాటున పోయినవీ ఉన్నాయి. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లు వేలమంది కార్మికులకు అన్నం పెట్టింది. దాని సైరన్ మీద ఊరి దినచర్య నడిచేది. మిల్లు మూతపడ్డాక ఆ నేల ప్లాట్లుగా మారింది. నిజాం కాలపు కేంద్ర కారాగారాన్ని 2021లో నేలమట్టం చేశారు, ఆ స్థలంలో పెద్దాసుపత్రి కడుతున్నారు. ఆసుపత్రి కావాలి, సందేహం లేదు. కానీ కాకతీయుల రాయికి దక్కిన ఆదరంలో పదో వంతు కూడా నిజాం కాలపు ఇటుకకు దక్కలేదు. పాత మిల్లులను ప్రదర్శనశాలలుగా, సంతలుగా మార్చిన నగరాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. ఓరుగల్లుకు ఆ అవకాశం చేతిదాకా వచ్చి జారిపోయింది. మిల్లు జ్ఞాపకం ఇప్పుడు మిగిలింది కొత్తవాడ మగ్గాల చప్పుడులోనే. అక్కడ నేసే వరంగల్ దుప్పట్లు, జంపఖానాల్లో రెండో రకానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు రోజుల తోవలో కొత్తవాడను కలుపుకునేవారు తక్కువ. కలుపుకోవాలి.

ఇక అసలు సంగతి నీళ్లు.

కాకతీయులు గుడి కట్టిన చోట చెరువు తవ్వించారు. చెరువు కింద ఊరు నిలిచింది, ఆ ఊరి పంటతో గుడి బతికింది. రామప్ప గుడికి రామప్ప చెరువు, గణపురం కోటగుళ్లకు గణపసముద్రం, గణపతిదేవుని కాలపు పాకాల, లక్నవరం. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు ఏర్పాటు అది. ఈ నేల మీద పర్యాటకం పేరుతో గుడిని ఒక్కదాన్నే చూడటమంటే సగం చూడటమే. రాష్ట్ర ప్రభుత్వం 2015లో చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది ఊరికే కాదు.

నగరం నడిబొడ్డున ఉన్న భద్రకాళి చెరువు దీనికి మంచి ఉదాహరణ, మంచి హెచ్చరిక కూడా. కట్ట మీద నడక దారి, దీపాలు, కూర్చునే అరుగులు వచ్చాయి. సాయంత్రాలు ఇప్పుడు ఊరంతా అక్కడే ఉన్నట్టుంటుంది. పిల్లలు, ముసలివాళ్లు, పరీక్షలకు చదివే యువకులు, మక్క కంకులు కాల్చే బండ్లు. నగరానికి ఇంత మంది కలిసే చోటు మరొకటి లేదు. కానీ 2020 ఆగస్టులో వానలకు హన్మకొండ కాలనీలు మునిగాయి. నాలాల మీద కట్టిన ఇళ్ల సంగతి అప్పుడు బయటపడింది. 2023 జూలై చివర్లో మళ్లీ కుండపోత కురిసి, భద్రకాళి చెరువు కట్టకే పోతననగర్ వైపు గండి పడింది. దీపాలు పెట్టిన కట్ట తెగడం చూశాక పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసొచ్చింది. 2024 నవంబరులో చెరువు నీళ్లన్నీ వదిలి పూడిక తీయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో వచ్చిన సందర్శకులకు నీళ్ల బదులు బురద కనిపించింది, చాలామంది నిట్టూర్చారు. నిజానికి ఆ పదేళ్లలో ఆ చెరువుకు జరిగిన మేలైన పని అదే.

పట్టణ పునరుద్ధరణ అనగానే ప్రపంచమంతా స్పెయిన్‌లోని బిల్బావో పేరు చెబుతుంది. 1997లో గుగెన్‌హైమ్ మ్యూజియం తెరుచుకుని, మూతపడ్డ ఫ్యాక్టరీల ఊరు పర్యాటక నగరమైపోయిందన్నది ప్రచారంలో ఉన్న కథ. ఆ కథలో తరచూ రాలిపోయే భాగం ఒకటుంది. ఆ నగరాన్ని 1983 ఆగస్టులో పెద్ద వరద ముంచెత్తింది. మ్యూజియం కన్నా ఎన్నో ఏళ్ల ముందే, ఫ్యాక్టరీల వ్యర్థాలతో చచ్చిపోయిన నెర్వియోన్ నదిని శుద్ధి చేసే భారీ పనులు మొదలయ్యాయి. నది బతికింది కాబట్టే దాని ఒడ్డున మ్యూజియం మెరిసింది. ఓరుగల్లు నేర్చుకోవాల్సింది ఈ వరుసక్రమం.

ఈ చూపుతో బయలుదేరితే చుట్టూ ఉన్న మూడు జిల్లాలు దారిలో ఊళ్లుగా మిగలవు.

హైదరాబాదు నుంచి వచ్చేవారికి ముందు తగిలేది జనగామ. పట్టణానికి కాస్త ముందు, రహదారి పక్కనే పెంబర్తి. ఇత్తడి, కంచు రేకులను ఉలితో, సుత్తితో కొట్టి నగిషీ తీసే విశ్వకర్మల ఊరు ఇది. దేవుడి వాహనాలకు, ధ్వజస్తంభాలకు, గర్భగుడి తలుపులకు తొడుగులు చేయడం ఇక్కడి పాత విద్య. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరు గిన్నెల గిరాకీ దాన్ని బతికించింది. ఇప్పుడు సన్మానాల జ్ఞాపికలు ఎక్కువ. పెంబర్తి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కారు ఆపి అరగంట కూర్చుంటే రేకు మీద బొమ్మ లేవడం కళ్లముందే చూడొచ్చు. దుకాణంలో తుడిచిపెట్టిన వస్తువు కన్నా ఆ చేతి పని చూడటమే గొప్ప అనుభవం.

జనగామ దాటాక రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపూర్ ఉంది. మొగలుల పాలనను ఎదిరించి, 1708లో ఓరుగల్లు మీదనే దాడి చేసిన సర్దార్ సర్వాయి పాపన్న కోట ఇది. కోటను పొగడటానికి జనం ఉన్నారు గానీ దాని గోడలు మాత్రం ఆలనా పాలనా లేక నిలబడి ఉన్నాయి. దక్షిణం వైపు తిరిగితే పాలకుర్తి, బమ్మెర. ఒకటి సోమనాథుడి ఊరు, మరొకటి పోతన ఊరని జనం నమ్మకం. బసవపురాణాన్ని ద్విపదలో చెప్పిన కవికీ, భాగవతాన్ని తెలుగు చేసిన కవికీ మధ్య దూరం ఇక్కడ కొన్ని మైళ్లే. ఇదే పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చోటు. తెలంగాణ రైతు పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి కూడా ఈ జిల్లాలోదే. వానలు తక్కువ పడే ఈ మెట్ట ప్రాంతంలో భూమి కోసం, నీటి కోసం జరిగిన పోరాటాల చరిత్ర రాజుల చరిత్రకు తక్కువేమీ కాదు. కవుల పేరుతో, పోరాటాల పేరుతో ఒక పూట తోవను అల్లడానికి జనగామకు ఉన్నంత సరుకు చాలా జిల్లాలకు లేదు.

ఉత్తరం వైపు కథ వేరు. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప జిల్లాల విభజనలో ముందు భూపాలపల్లిలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్లింది. ఎర్రటి ఇసుకరాయి గోడలు, నల్లరాతి మదనికలు, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం చూశాక అందరూ వెనక్కి తిరుగుతారు. అక్కడే నష్టపోతారు. రామప్ప నుంచి దగ్గర్లోనే, భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లున్నాయి. ఒకే ప్రాకారంలో పెద్దా చిన్నా కలిపి ఇరవై రెండు గుళ్లు. కొన్ని నిలబడి, కొన్ని ఒరిగి, కొన్ని రాళ్ల కుప్పలై. రామప్పలో తీర్చిదిద్దిన పచ్చిక, కంచెలు, వరుసలు ఉంటాయి. ఇక్కడ ఏకాంతం ఉంటుంది. ఒకే చేతి శిల్పం కీర్తి దక్కినచోట ఎలా ఉంది, దక్కనిచోట ఎలా ఉంది అన్నది ఒకే పూటలో చూడాలంటే ఇంతకన్నా మంచి జంట దొరకదు. అయితే కోటగుళ్లకు కావాల్సింది మరో రామప్పలా మారడం కాదు. ఒరిగినవి పడిపోకుండా చూసేవారు, ఏది ఏ గుడో చెప్పే మనిషి, తాగడానికి నీళ్లు ఉంటే చాలు.

అదే జిల్లాలో రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు కాకతీయుల కన్నా ఎన్నో వేల ఏళ్లు వెనక్కి తీసుకెళ్తాయి. ఇసుకరాతి చరియల కింద ఆదిమానవుల రంగు బొమ్మలున్నాయి. ఇప్పుడు యువకులు తాళ్లు కట్టుకుని బండలెక్కడానికి కూడా ఇక్కడికి వస్తున్నారు. బొమ్మలున్న చరియల మీద పేర్లు గీకే చేతులను ఆపడం ఇక్కడి అన్నిటికన్నా పెద్ద పని.

ఇంకా ముందుకెళ్తే చెల్పూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, సింగరేణి గనులు, ఆపైన అడవి, చివరికి గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరాలయానికి 2025 మేలో సరస్వతీ పుష్కరాల వేళ జనం పోటెత్తారు. 2019 జూన్ 21న ప్రారంభమైన ఎత్తిపోతల పథకాన్ని చూడటానికి కూడా కొన్నేళ్లు బస్సులు కట్టుకుని వచ్చారు. మేడిగడ్డ దగ్గర 85 గేట్ల బరాజ్ ముందు నిలబడి ఫొటోలు దిగారు. 2023 అక్టోబరు 21 రాత్రి దాని ఏడో బ్లాకు కుంగింది. అదే ఏడాది జూలైలో ఇదే జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది, మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది, ఇళ్ల మీదికెక్కిన జనం కోసం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి గణపసముద్రం, మన కాలపు బరాజ్ ఒకే జిల్లాలో ఉన్నాయి. నీటిని ఎలా పట్టి నిలపాలన్న ప్రశ్నను ఇంత దగ్గరగా పెట్టి చూపే చోటు తెలంగాణలో ఇంకెక్కడుంది?

మహబూబాబాద్ పేరు పర్యాటకుల జాబితాల్లో అరుదుగా వినిపిస్తుంది. మానుకోట అని జనం ఇప్పటికీ పిలుచుకునే ఈ ఊరికి వరంగల్ నుంచి రైలు గంటసేపు. రోడ్డున వచ్చేవారు నర్సంపేట మీదుగా పాకాల చూసి, గూడూరు మండలంలో అడవి నడుమ దూకే భీమునిపాదం జలపాతం చూసి చేరొచ్చు. అది వానాకాలం, ఆ తర్వాతి కొద్ది నెలల మాటే. ఎండాకాలం పోతే రాళ్లే కనిపిస్తాయి. కురవి వీరభద్రస్వామి గుడి జాతరతో పేరు మోసింది. తెలుగు వచనంలో తొలి శాసనాల్లో ఒకటైన కొరవి శాసనం ఈ ఊరిదేనని అక్కడికి వెళ్లే భక్తుల్లో ఎందరికి తెలుసు? బయ్యారం పెద్ద చెరువు ఇంకా విలువైనది. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన ధర్మకీర్తి సముద్రం అది. ఆమె వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని చరిత్రకారుల చేతికిచ్చింది. ఆ వంశం పేరు చెప్పుకుని బతుకుతున్న నగరం నుంచి ఆ శాసనం ఉన్న ఊరికి ఒక్క పర్యాటక బస్సైనా నడవాలి.

రైలు దారిలో ఇంకాస్త ముందుకెళ్తే డోర్నకల్. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య ఇక్కడి నుంచే పనిచేశారు. ఆయన పూనికతో ఏళ్ల తరబడి కట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన ఎపిఫనీ కేథడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, శిలువ ఒకే కప్పు కింద కలిసిపోయాయి. కాకతీయ శిల్పం చూసి వచ్చిన కన్ను ఆ స్తంభాల దగ్గర తప్పకుండా ఆగుతుంది. ఈ దారి మీదే, కేసముద్రం, ఇంటికన్నె మధ్య, 2024 సెప్టెంబరు 1న వరద పట్టాల కింది కంకరను కోసుకుపోయింది. విజయవాడ వైపు రైళ్లన్నీ ఆగిపోయాయి. చెరువులు తెగి వచ్చిన నీళ్ల బలం అది.

ఇంతకీ రెండు రోజుల్లో ఇవన్నీ చూడటం కుదరదు, కుదుర్చుకోవాలని ప్రయత్నించనూ కూడదు. మొదటి రోజు పెంబర్తి, వేయిస్తంభాల గుడి, కోట గోడ, సాయంత్రం భద్రకాళి కట్ట. రెండో రోజుకు రెండు దారులున్నాయి, ఒకటే ఎంచుకోవాలి. ఉత్తరాన రామప్ప, దాని చెరువు, కోటగుళ్లు. లేదంటే తూర్పున పాకాల, బయ్యారం, డోర్నకల్. పాలకుర్తి, బమ్మెర మరోసారికి. రాత్రి ఊళ్లో ఆగితేనే సర్వపిండి, జొన్నరొట్టె, నాటుకోడి కూర నోటికందుతాయి, ఊరికీ నాలుగు రూపాయలు మిగులుతాయి. వానలు వెనకబడ్డాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, చెరువులు నిండుగా ఉంటాయి, ఎండ కాలదు.

సొంత బండి ఉన్నవారికి ఇదంతా సులువు. లేనివారి సంగతే నగరం ఇంకా ఆలోచించలేదు. భూపాలపల్లికి రైలు లేదు. రామప్పకు, కోటగుళ్లకు వెళ్లాలంటే బస్సు దిగి ఆటో కోసం వెతుక్కోవాలి. స్టేషన్‌కు కొత్త ముఖం వచ్చింది కాబట్టి అక్కడే, ప్లాట్‌ఫారం దిగగానే కనిపించేలా, ఏ ఊరికి ఏ బస్సు ఎన్ని గంటలకో తెలుగులో రాసిన బోర్డు ఒకటి పెట్టాలి. శని, ఆదివారాల్లో హన్మకొండ బస్టాండు నుంచి రామప్ప, కోటగుళ్లు కలిపి తిప్పే బస్సు ఒకటి, పాకాల, బయ్యారం వైపు మరొకటి నడపాలి. గణపురం, బయ్యారం, రేగొండ యువకులకు తమ ఊరి రాళ్ల కథ, చెరువుల కథ చెప్పడం నేర్పి, దానికి కూలి ఇవ్వాలి. ఒక దీపాల తోరణానికి అయ్యే ఖర్చుతో ఈ పనులు మొదలుపెట్టవచ్చు.